తొలినాటి విమానాలు తీరదాడిని ఎలా మార్చాయి? గల్లిపోలీ నుంచి తరావా దాకా

ప్రశ్న ఇది: "మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాలు కర్రకి గుడ్డ చుట్టిన బొమ్మల్లాంటివి. నాలుగు చిన్న బాంబులు మోయడానికే ఆపసోపాలు పడేవి. సముద్రం మీంచి వచ్చి తీరాన్ని పట్టుకునే యుద్ధ పద్ధతిని అవి మార్చాయంటే నమ్మేదెలా? 1915లో టర్కీ తీరాన గల్లిపోలీలో బ్రిటిష్‌వాళ్లు విమానాలున్నా ఓడిపోయారు కదా. ఇంకొన్ని ఉంటే గెలిచేవాళ్లా?"

బాంబుల సంగతే అయితే మీతో పేచీ లేదు. 1911 నవంబరు 1న లిబియాలో ఇటలీ పైలట్ జూలియో గవోట్టి విమానంలోంచి చేత్తో విసిరిన నాలుగు చిన్న బాంబుల వల్ల ఆ యుద్ధంలో మారిందేమీ లేదు. అయినా అందరూ ఆ తేదీనే గుర్తుపెట్టుకుంటారు. అంతకు తొమ్మిది రోజుల ముందు, అక్టోబరు 23న, కార్లో పియాజ్జా ట్రిపోలీ దగ్గర గాల్లోకి లేచి టర్కీ సైన్యం ఎక్కడుందో చూసి వచ్చాడు. ఇటలీ దళాలు ఓడల్లోంచి ఆ తీరం మీద దిగి అప్పటికి మూడు వారాలైనా కాలేదు. తీరదాడి వరకు నన్నడిగితే ఆ చూసి రావడమే అసలు మొదలు.

ఓడ మీద నిలబడ్డవాడికి తీరమూ, దాని వెనకున్న మొదటి గట్టూ కనిపిస్తాయి, అంతే. గట్టు అవతల పదిమంది ఉన్నారో పదివేలమంది ఉన్నారో తెలియదు. తెలిసినా పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే యుద్ధనౌక ఫిరంగి గుండు నేలబారుగా దూసుకుపోతుంది. గట్టు అవతలి వాలులో కందకం తవ్వుకుని కూర్చున్నవాడికి అది తగలదు. ఇవతల మట్టిని లేపుతుంది, లేదా వాడి తల మీంచి దాటిపోతుంది. నేల మీద పోరాడే సైన్యానికైతే గుండుని ఎత్తుగా లేపి అవతలి వాలులో పడేసే సొంత ఫిరంగులుంటాయి. పడవల్లోంచి దిగినవాళ్లకి మొదటి కొన్ని గంటలు అవి ఉండవు. చేతిలో రైఫిల్, వెనక సముద్రం. ఉభయచర యుద్ధంలో, అంటే ఓడల్లోంచి దిగి నేల మీద చేసే పోరులో, చిక్కంతా ఆ కొన్ని గంటల్లోనే ఉంది.

నేను నేవీలో ఉండగా కొన్నేళ్లు ల్యాండింగ్ షిప్ మీద పనిచేశాను. కాకినాడ తీరంలో ఎక్సర్‌సైజులు జరిగినప్పుడు కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఒకే పొరపాటు చేసేవాడు. ఓడ ముందు తలుపు దించగానే ఒడ్డు నాలుగడుగుల్లో ఉన్నట్టే ఉంటుంది. ఎదురుగా ఇసుక మేట, మోకాలి లోతు నీళ్లు. ఇంకేముందిలే అని గబగబా నడుస్తాడు. మేట దాటగానే గాడి. నడుం దాకా, ఒక్కోసారి ఛాతీ దాకా దిగిపోతాడు. రైఫిల్ రెండు చేతులా తల మీదికెత్తి పట్టుకుని, కాలు ఎక్కడ ఆనుతుందో తడుముకుంటూ పోవాలి. వెనకవాళ్లు నవ్వుతారు. యుద్ధంలో అయితే నవ్వేవాళ్లుండరు. ఆ గాడి ఎక్కడుందో ఒడ్డు మీదున్నవాడికి ముందే తెలుసు, మెషీన్‌గన్ దానికే గురిపెట్టి ఉంచుతాడు. విచిత్రమేమిటంటే, ఓడ మీంచి ఎంత చూసినా ఆనని ఆ గాడి పైనుంచి తీసిన ఫొటోలో ముదురు రంగు చారలా తెలిసిపోతుంది.

ఇదేమీ పాతకాలపు సంగతి కాదు. 1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ యుద్ధంలో, కాక్స్ బజార్ దగ్గర మన ల్యాండింగ్ షిప్పులు ఒడ్డుకి చేరినప్పుడు అడ్డుపడింది సరిగ్గా ఇలాంటి గాడే. గాల్లో ఎదురులేదు. విక్రాంత్ విమానాలు అప్పటికి పది రోజులుగా ఆ తీరాన్ని దంచుతున్నాయి. అయినా దిగాల్సిన చోట నీటి లోతు ఎంతో ఎవరూ ముందుగా సరిచూడలేదు. మునిగి చనిపోయిన జవాన్లున్నారు. మిగతావాళ్లలో చాలామందిని చివరికి స్థానికుల పడవల్లో ఒడ్డుకి చేర్చాల్సి వచ్చింది.

విమానమే లేకుండా తీరదాడి ఎలా ఉండేదో చూడాలంటే 1914 నవంబరు నాటి టాంగా చాలు. జర్మన్ తూర్పు ఆఫ్రికాలోని ఆ రేవు మీదికి బ్రిటిష్‌వాళ్లు భారత్ నుంచి దాదాపు 8,000 మంది సైనికుల్ని పంపారు. అందులో మన మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లిన 63వ పాలంకోట్టై లైట్ ఇన్‌ఫంట్రీ, 61వ పయనీర్లు కూడా ఉన్నారు. ఎదుటివాళ్లు సుమారు వెయ్యిమంది. చెట్ల వెనక ఎవరున్నారో చూసే దారి లేదు. వేగు పంపడం కూడా అనవసరం అనుకున్నారు. నవంబరు 2న మొదలైన దాడి 5వ తేదీకల్లా తిరుగు ప్రయాణంతో ముగిసింది. తేనెటీగలు కుట్టి తరిమాయన్న కథ అందరికీ తెలుసు గానీ, అవతల ఏముందో తెలియకుండా కొబ్బరితోటల్లోకి నడవడమే అసలు దెబ్బ.

ఇక గల్లిపోలీ, డార్డనెల్స్ జలసంధి ఒడ్డున ఉన్న టర్కీ ద్వీపకల్పం. ఇక్కడ విమానాలున్నాయి. ఉండి ఏం చేశాయన్నదే మీ ప్రశ్న కాబట్టి కాస్త దగ్గరగా చూద్దాం.

1915 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్క్ రాయల్ సీప్లేన్లను మోసుకొచ్చిన ఓడ. దాని మీంచి విమానం ఎగరడం ఓ తతంగం. ఓడ ఆగాలి, క్రేన్‌తో విమానాన్ని నీళ్లలోకి దించాలి, ఇంజన్ అందుకోవాలి, ఆ తర్వాత నీళ్ల మీద పరిగెత్తి లేవాలి. అలలు కొంచెం పెద్దవైతే లేవదు. మరీ నిశ్చలంగా ఉంటే కిందున్న తేలుబద్దలు నీటికి అతుక్కుపోయి అప్పుడూ లేవదు. మార్చి 5న క్వీన్ ఎలిజబెత్ యుద్ధనౌక ద్వీపకల్పం ఇవతలి నుంచి, కొండల మీదుగా అవతలి కోటల మీదికి 15 అంగుళాల ఫిరంగులు పేల్చింది. గుండ్లు ఎక్కడ పడుతున్నాయో చూసి వైర్‌లెస్‌లో చెప్పడానికి ఒక సీప్లేన్ లేచింది. గాల్లో దాని ప్రొపెల్లర్ విరిగి సముద్రంలో పడింది. రెండోది వెళ్తే కిందినుంచి రైఫిల్ తూటా తగిలి పైలట్ గాయపడి వెనక్కి వచ్చాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిరంగులున్న ఓడ ఆ రోజంతా దాదాపు గుడ్డిగా కాల్చింది. ఆ లోపం ఫిరంగిది కాదు.

మార్చి 18 మరీ దారుణం. బూవే, ఇర్రెసిస్టిబుల్, ఓషన్ అనే మూడు యుద్ధనౌకలు మునిగాయి. నుస్రెత్ అనే చిన్న టర్కీ ఓడ పది రోజుల ముందు ఒడ్డుకి సమాంతరంగా వేసిపోయిన ఒక్క వరస మైన్ల వల్ల. ఆ నీళ్ల మీదుగా సీప్లేన్లు ఎగిరాయి, మైన్లు మాత్రం కంటపడలేదు. కన్ను ఉన్నంత మాత్రాన కనబడుతుందని లేదు. అదే ఉదయం అవతలి పక్షాన ఎరిక్ జెర్నో అనే జర్మన్ పైలట్ టెనెడోస్ దీవి దగ్గర నౌకాదళం కదలడం చూసి కబురందించాడు. చరిత్రలు రాసేవాళ్లు దీన్ని తరచూ వదిలేస్తారు. విమానం దాడి చేసేవాడికి ఎంత చుట్టమో కాచుకునేవాడికీ అంతే చుట్టం. చీకట్లో వచ్చి హఠాత్తుగా మీదపడే వీలు ఆ రోజు నుంచే సన్నగిల్లడం మొదలైంది.

మార్చి చివర్లో బ్రిటిష్ కమాండర్ శామ్సన్ స్క్వాడ్రన్ చక్రాల విమానాలతో టెనెడోస్ చేరింది. ద్రాక్షతోట చదును చేసి రన్‌వే చేసుకున్నారు. గమనించారా, సముద్రం మీది దాడికి కూడా చివరికి నేల మీద ఓ విమానాశ్రయం కావాల్సి వచ్చింది. దీనికి మళ్లీ వస్తాను. ఆ ఇంజన్లు ఎంత బలహీనమంటే, పరిశీలకులుగా యుద్ధనౌకల నుంచి మిడ్‌షిప్‌మెన్ (శిక్షణలో ఉన్న అధికారులు) కుర్రాళ్లను తెచ్చుకున్నారు, తేలిగ్గా ఉంటారని. వీళ్లు ద్వీపకల్పం ఫొటోలు తీశారు, తప్పులతడకగా ఉన్న మ్యాపుల్ని సరిదిద్దారు. మానికా అనే ఓడ మీంచి పెద్ద బెలూన్‌ని తాడుకి కట్టి పైకి వదిలేవాళ్లు. విమానం కంటే అదే నయం, ఎందుకంటే బుట్టలో కూర్చున్నవాడు ఓడతో నేరుగా టెలిఫోన్‌లో మాట్లాడగలడు. ఏప్రిల్ 27న అలా బెలూన్‌లోంచి చెప్పిన గురితోనే క్వీన్ ఎలిజబెత్ కొండల అవతలి జలసంధిలో ఉన్న టర్కీ రవాణా ఓడని ముంచింది.

అసలు ల్యాండింగ్ ఏప్రిల్ 25న. ఆ ఉదయం శామ్సన్ సైన్యం దిగుతున్న వి-బీచ్ అనే తీరం మీద ఎగిరాడు. రివర్ క్లైడ్ అనే ఓడని కావాలనే ఒడ్డుకి ఎక్కించి, పక్కల కోసిన తలుపుల్లోంచి సైనికుల్ని దింపుతున్నారు. దిగినవాడు దిగినట్టే కూలిపోతున్నాడు. ఒడ్డు నుంచి 50 గజాల దాకా సముద్రం నెత్తురుతో ఎర్రగా ఉండడం అతను పైనుంచి చూశాడు. కిందున్న మెషీన్‌గన్లు ఎక్కడున్నాయో చూడగల ఎత్తులో ఉన్నాడు. చూసింది చెప్పి ఫలానా ఓడతో ఫలానా చోట కాల్పించే ఏర్పాటు మాత్రం లేదు. ఆ రోజుల్లో గాల్లోంచి వైర్‌లెస్‌లో పిలిస్తే ఓడల నుంచి జవాబు రాని సందర్భాలు ఎన్నో. ఓడ ఇంకో పనిలో ఉండేది, లేదా ఆ పిలుపు ఏ ఓడకో తేలేది కాదు. సేనాధిపతి హామిల్టన్ క్వీన్ ఎలిజబెత్ మీద ఉన్నాడు. అతను ఒకచోట, తీరం మీది అధికారులు ఒకచోట, పైనున్న పరిశీలకుడు ఇంకోచోట. ముగ్గురి చేతా ఒకే మ్యాపు చూపించే పద్ధతి లేదు.

గల్లిపోలీ విమానాల గురించి నా తీర్పు ఇదే. కొరత యంత్రాలది కొంత, పద్ధతిది ఎక్కువ.

పద్ధతి కుదిరితే ఏమవుతుందో అదే ఏడాది జులైలో, అదే తూర్పు ఆఫ్రికాలో తేలింది. జర్మన్ క్రూయిజర్ క్యోనిగ్స్‌బెర్గ్ రుఫిజీ నది పాయల్లో, మడ అడవుల చాటున దాక్కుంది. సెవర్న్, మెర్సీ అనే రెండు చిన్న బ్రిటిష్ ఫిరంగి ఓడలు నదిలోకి వచ్చాయి. పైన మాఫియా దీవి నుంచి లేచిన విమానం. జులై 6న రెండు ఓడలూ ఒకేసారి కాల్చాయి. ఏ గుండు ఎవరిదో పైనున్నవాడికి అర్థం కాలేదు, చెప్పిన దిద్దుబాటు ఏ ఓడకో కింది వాళ్లకి అర్థం కాలేదు. దాడి విఫలం. జులై 11న ఒక చిన్న మార్పు చేశారు. ఒకసారికి ఒక్క ఓడే కాల్చాలి. పైలట్ కల్, పరిశీలకుడు ఆర్నాల్డ్. గుండ్లు లక్ష్యం దగ్గరపడుతుండగా విమానం ఇంజన్‌కి దెబ్బ తగిలింది. కిందికి జారుతూనే ఆర్నాల్డ్ మోర్స్ మీట నొక్కుతూ దిద్దుబాట్లు పంపాడు. విమానం మెర్సీ పక్కన నదిలో పడి బోల్తాకొట్టింది, ఇద్దరూ బతికారు. క్యోనిగ్స్‌బెర్గ్ పని ఆ రోజుతో సరి. విమానాలేమీ మెరుగుపడలేదు, మధ్యలో గడిచింది అయిదు రోజులే. మారింది ఒక్క నియమం. సైన్యంలో డాక్ట్రిన్ అంటే ఇదే, పెద్ద మాటేమీ కాదు: ఎవరు ఎవరితో ఎప్పుడు ఏం చెప్పాలి, విన్నవాడు ఏం చేయాలి.

యుద్ధం ముగిశాక గల్లిపోలీని చూసి చాలా దేశాల్లో సైనికాధికారులు, కాచుకుని ఉన్న తీరం మీద పట్టపగలు దిగడం ఇక కుదరని పని అని తేల్చేశారు. విమానం వచ్చాక మరీ అసాధ్యం అన్నారు, ఓడలు దూరంలో ఉండగానే కనిపెట్టేస్తుంది కదా. ఆ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు.

దానికి భిన్నంగా నడిచినవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు స్పెయిన్‌వాళ్లు. 1925 సెప్టెంబరు 8న మొరాకో తీరంలో అల్‌హుసేమాస్ దగ్గర, తమ మీద తిరగబడ్డ అబ్దుల్ క్రీమ్ నడిపే రిఫ్ సేనల మీదికి దాదాపు 13,000 మందిని దింపారు. వందకు పైగా విమానాలు, డెడాలో అనే సీప్లేన్ ఓడ, ఫ్రాన్స్ నౌకల సాయం, చిన్న ట్యాంకులు. మనుషుల్ని మోసిన బల్లకట్టు పడవలు బ్రిటిష్‌వాళ్లు గల్లిపోలీ కోసం కట్టించి, తర్వాత అమ్మేసినవే. పడవలు ఒడ్డుకి కొంత దూరంలోనే రాళ్లకి తట్టుకుని ఆగాయి, సైనికులు మెడలోతు నీళ్లలో నడవాల్సి వచ్చింది. కానీ ఈసారి నడుస్తున్నంతసేపూ గట్టు మీదున్నవాళ్ల తల పైకి లేవకుండా విమానాలు తిరిగాయి. దాడి నిలబడింది. పెద్దగా ప్రచారం దక్కని విజయమిది.

రెండోవాళ్లు అమెరికా మెరీన్లు, అంటే ఓడల నుంచి దిగి పోరాడే సైన్యం. వాళ్ల మొదటి పైలట్ ఆల్ఫ్రెడ్ కనింగ్‌హామ్ 1912లోనే శిక్షణకి చేరాడు. నేల మీది దళాలకి సాయపడడం తప్ప వైమానిక దళం ఉండడానికి వేరే కారణం లేదని 1920లో రాశాడు. మిగతా దేశాల వైమానికులు నగరాల మీద బాంబులేసి యుద్ధాలు గెలిచేస్తామని చెప్పుకుంటున్న కాలంలో ఈ మాట అన్నాడంటే గుండె ధైర్యమే. మరుసటి ఏడాది ఎర్ల్ ఎల్లిస్ అనే మెరీన్ అధికారి పసిఫిక్ దీవుల్ని ఒక్కొక్కటిగా ఎలా పట్టుకోవాలో ప్రణాళిక రాశాడు. అందులో విమానాలు దాడిలో భాగమే, అలంకారం కాదు.

మెరీన్ పైలట్లకి చెయ్యి తిరిగింది మాత్రం సముద్రానికి దూరంగా, నికరాగువా కొండల్లో. 1927 జులై 16న ఒకొటాల్ ఊళ్లో శత్రువులు చుట్టుముట్టిన మెరీన్ దళాన్ని కాపాడడానికి రాస్ రోవెల్ అయిదు డిహెచ్-4 విమానాలతో వచ్చాడు. నిట్టనిలువుగా దూకి కిందికి వచ్చాక బాంబు వదిలేవాళ్లు. సొంతవాళ్లు దగ్గర్లో ఉన్నప్పుడు గురి తప్పకుండా వేయడానికి ఆనాడు దొరికిన మార్గం అదొక్కటే. 1928 జనవరిలో కిలాలీ గ్రామంలో గాయపడ్డవాళ్లు చిక్కుకుంటే, వీధిలో ఇళ్లు తీసేసి రన్‌వేగా మార్చారు. క్రిస్టియన్ షిల్ట్ దాంట్లో పదిసార్లు దిగి 18 మంది క్షతగాత్రుల్ని బయటికి చేర్చాడు. అతని విమానానికి బ్రేకులు లేవు. చక్రం నేలకి తాకగానే రెండువైపుల నుంచి మెరీన్లు పరిగెత్తుకొచ్చి రెక్కలు పట్టుకు వేలాడి ఆపేవాళ్లు. అలా రెక్క పట్టుకున్నవాడికి విమానం ఏం చేయగలదో వేరే పాఠం చెప్పక్కర్లేదు. ఎగిరేవాడికీ నడిచేవాడికీ అక్కడ కుదిరిన ఆ పొత్తు తర్వాత కాగితం మీదికెక్కింది.

1933 నవంబరులో క్వాంటికోలోని మెరీన్ విద్యాలయంలో తరగతులు ఆపేశారు. గురువులూ విద్యార్థులూ కూర్చుని తీరదాడి ఎలా చేయాలో నియమావళి రాయడం మొదలుపెట్టారు. 1934లో వచ్చిన ఆ ముసాయిదానే మార్పులతో 1938లో నౌకాదళం సొంతం చేసుకుంది. గల్లిపోలీ తప్పుల్ని ఒక్కొక్కటిగా విప్పి చూశారు. నా మటుకు అందులో కీలకమైనది కాల్పుల మధ్య ఖాళీ. పడవలు ఒడ్డుకి దగ్గరపడగానే సొంతవాళ్లకి తగులుతుందని ఓడలు కాల్పులు ఆపాలి. ఆ ఆగిన నిమిషాల్లోనే శత్రువు కందకంలోంచి లేచి మెషీన్‌గన్ దగ్గరికి వస్తాడు. వి-బీచ్‌లో జరిగింది అదే. ఆ ఖాళీని విమానాలు పూరించాలని నియమావళి చెప్పింది. వేగు చూడడం, ఫొటోలు తీయడం, ఓడల గురి సరిదిద్దడం, శత్రు విమానాల్ని దగ్గరికి రానీయకపోవడం, అన్నీ ఒకే ప్రణాళికలో, ఒకే ఆజ్ఞ కింద. 1935 నుంచి ఏటా ఎక్సర్‌సైజులు చేసి దీన్ని పరీక్షించారు.

ఇందాక ద్రాక్షతోట దగ్గర ఆపిన మాట. విమానానికి నేల కావాలి. అందుకే విమానం తీరదాడికి సాయం చేసే స్థాయి నుంచి, తీరదాడి జరగడానికే కారణమయ్యే స్థాయికి ఎదిగింది. 1942 ఆగస్టు 7న పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి మీద మెరీన్లు దిగింది జపాన్‌వాళ్లు కడుతున్న ఒక్క రన్‌వే కోసమే. రెండు రోజులకే విమానవాహక నౌకలు వెనక్కి వెళ్లిపోయాయి. ఆగస్టు 20న సొంత విమానాలు ఆ రన్‌వే మీద దిగేదాకా మెరీన్లకి పైన నీడ లేదు.

అయినా అంతా కుదిరిపోయిందని అనుకోవద్దు. 1943 నవంబరు 20న పసిఫిక్‌లోనే తరావా దీవుల్లో విమానాలు ఆలస్యంగా వచ్చాయి, ఓడల కాల్పులకీ మొదటి పడవలు చేరడానికీ మధ్య మళ్లీ ఆ పాత ఖాళీ తెరుచుకుంది. గాలి ఫొటోల్లో నీళ్ల మీద కట్టిన మరుగుదొడ్లు లెక్కపెట్టి జపాన్ సైనికులు ఎంతమంది ఉంటారో దాదాపు సరిగ్గా అంచనా కట్టారు, అంత పదునైన కన్ను. పగడపు దిబ్బ మీద ఆ పూట నీరు ఎంత ఉంటుందో మాత్రం లెక్క తప్పింది. పడవలు దిబ్బకి తట్టుకున్నాయి. మేరీలాండ్ యుద్ధనౌక నుంచి లేచిన కింగ్‌ఫిషర్ విమానంలో మాక్‌ఫర్సన్ అనే అధికారి ఆ సరస్సు మీద తిరుగుతూ, తుపాకులు తల మీదికెత్తి నీళ్లలో నడిచే చిన్న చిన్న ఆకారాల్ని చూశాడు. ఏడుపొచ్చిందని తర్వాత చెప్పాడు. ఇరవయ్యెనిమిదేళ్ల ముందు శామ్సన్ చూసిన సముద్రమే. ఒక తేడా ఉంది: మాక్‌ఫర్సన్ చూసింది చూసినట్టు సేనాధిపతికి చేరింది, ఆ కబుర్ల మీద ఆధారపడే నిర్ణయాలు జరిగాయి. తరావా మూడు రోజుల్లో చేజిక్కింది, వెయ్యిమంది మెరీన్ల ప్రాణాలు ఖర్చుపెట్టి.

ఇక మీ చివరి ప్రశ్న, గల్లిపోలీలో విమానాలు ఇంకొన్ని ఉంటే? 1915 ఏప్రిల్‌లో రెట్టింపు ఉన్నా ఫలితం పెద్దగా మారేది కాదనే నా ఉద్దేశం. పైనుంచి చెప్పినదాన్ని వినే ఓడ లేకపోతే పది మంది చెప్పినా ఒకటే. కానీ అదే ఏడాది డిసెంబరులో విమానాలకి తేలికైన, స్పష్టమైన పని ఒకటి దొరికింది. గల్లిపోలీలోని సువ్లా, అంజాక్ తీరాల నుంచి సైన్యాన్ని రాత్రుళ్లు గుట్టుగా ఓడలెక్కిస్తున్నారు. ఎదుటి కందకాల్లో వాళ్ల చెవుల కోసం, పై డబ్బాలోంచి కింది డబ్బాలోకి నీళ్లు చుక్కలుగా కారి ఆ బరువుకి ట్రిగ్గర్ లాగుకునే రైఫిళ్లు అమర్చారు, ఎవరూ లేకపోయినా తుపాకులు పేలుతూనే ఉండేలా. పైనుంచి చూసే కళ్ల కోసం బ్రిటిష్ నౌకాదళ విమానాలు పగలంతా గస్తీ తిరిగి శత్రు విమానాల్ని దగ్గరికి రానీయలేదు. డిసెంబరు 20 తెల్లవారేసరికి ఆ కందకాల్లో ఒక్కడూ మిగల్లేదు.